తల్లి కళ్ళు, మేనత్త కళ్ళు

కాకిపిల్ల కాకికి ముద్దు. అందుకే నీ పిల్ల రంగేమిటని ఎవరూ కాకిని పిలిచి అడగరు. ఆ ఆసుపత్రి పై అంతస్తులో, పిల్లల గుండెలు చూసే గదిలో మాత్రం ఒకరోజు అదే జరిగింది. బలవంతం ఎవరూ చేయలేదు లెండి. కాకే ముందుకొచ్చింది.

ఆ గదిలో ఎకో, అంటే గుండె స్కాను, తీసేవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు, వదినా మరదళ్ళు. మరదలి మొగుడికి వదిన స్వయానా అక్క. ఉద్యోగంలో ముందు చేరింది వదిన. మరదలికి ప్రోబ్, అదే ఛాతీకి ఆనించే పరికరం, పట్టుకోవడం నేర్పింది కూడా ఆవిడే. "పెన్నులా పట్టుకోకే, గుడ్డులా పట్టుకో. నొక్కితే పగులుద్ది, వదిలితే జారుద్ది" అని చేతిమీద చెయ్యి వేసి మరీ దిద్దించింది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే బెంచీ, ఒకరి డబ్బాలో కూర ఇంకొకరి కంచంలో. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా వదిన మాత్రం నాకు అర్ధతల్లి" అని మరదలు పదిమందిలో చెప్పుకొనేది. "మెల్లిగా అనవే, మీ అమ్మ వింటే మిగతా సగం కూడా నా నెత్తినే పడేస్తుంది" అని వదిన మూతి తిప్పేది.

మామూలుగా ఆ గదికి వచ్చేవాళ్ళు జబ్బు పిల్లలు. ఆ ఏడాది డాక్టరమ్మ కొత్త పని ఒకటి నెత్తికెత్తుకుంది. ఏ జబ్బూ లేని పిల్లలు కావాలంది. చుట్టుపక్కల బడులకు వెళ్ళి తల్లిదండ్రులను ఒప్పించి, ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లలను పోగుచేసింది.

"బాగున్నవాళ్ళకి పరీక్ష ఎందుకండీ?" అని మరదలు అడిగితే, "వంకర ఎంతుందో చెప్పాలంటే ముందు సూటిగా ఉన్నది ఎలా ఉంటుందో తెలియాలి కదమ్మా! పిల్లల గుండె కండరం ఏ వయసుకి ఎంత వేగంగా కదలాలో మన దగ్గర సరైన లెక్క లేదు. పెద్దవాళ్ళ కొలతలు పెట్టుకుని లాక్కొస్తున్నాం. తాత చెప్పులేసి మనవడి అడుగు కొలిచినట్టుంది మన పని" అంది డాక్టరమ్మ.

ఆ మాట మరదలి గుండెకు పట్టింది. ఆ పట్టిక తయారైతే రేపు ఎక్కడో ఒక బిడ్డను బల్లమీద పడుకోబెట్టినప్పుడు, ఈ బిడ్డ గుండె మామూలుగా ఉందా లేదా అన్నది దాన్నిబట్టే చెబుతారు. కొలిచే మానికే తప్పయితే ఎంత కొలిచి ఏం లాభం?

పని ఇలా ఉండేది. పిల్లను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, ఛాతీమీద చల్లటి జెల్ రాసి, ప్రోబ్ ఆనిస్తే తెరమీద గుండె కనబడుతుంది. జెల్ తగలగానే కెవ్వుమనని పిల్ల లేదు. అందుకే పిల్లలందరికీ మరదలు జెల్లీ ఆంటీ అయిపోయింది. కండరం మీద ఒకచోట చుక్క పెడితే, ఆ చుక్క దగ్గర కదలిక ఎంత జోరుగా ఉందో యంత్రం గీతగా గీస్తుంది. కండరం ముడుచుకున్నప్పుడు ఒక కొండ, వదులైనప్పుడు కిందికి రెండు లోయలు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అదే వరస. ఆ కొండకు కాస్త ముందు సన్నగా ఒక ముల్లు లేస్తుంది. అది, మూట ఎత్తబోయేముందు మనిషి నడుం బిగించడంలాంటిది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కొండ శిఖరాన్నే కొలవాలి. "ముల్లు మీద కాలెయ్యకు, కొండెక్కు." ఇదీ వదిన నేర్పిన మాటే.

డాక్టరమ్మ ఒక కట్టడి పెట్టింది. బొమ్మ తీసి మొదట కొలిచేది మరదలు. గీతలో బాగా కనబడే మూడు కొండలు ఎంచుకుని గుర్తులు పెడుతుంది. అదే బొమ్మను పక్కగదిలో వదిన తెరుస్తుంది. తెరవగానే మీట నొక్కి మరదలు పెట్టిన గుర్తులు కనబడకుండా దాచేసి, తన కళ్ళతో తాను కొలుస్తుంది. ఇద్దరి కొలతలూ దగ్గరగా వస్తేనే ఆ కొలతకు విలువ. "మధ్య తలుపు వేసి ఉండాలి. అన్నాల దగ్గర కూడా ఆ మాటలు వద్దు. మీరు ఒకే ఇంటివాళ్ళని నాకు తెలుసు, ఈ ఒక్క విషయంలో మాత్రం పక్కింటివాళ్ళలా ఉండండి" అని చెప్పింది.

మొదట్లో ఇద్దరికీ తేడాలు వచ్చాయి. చిన్నవి కావు, డాక్టరమ్మ కనుబొమలు ముడిపడేంతవి. తేడా వచ్చిన ప్రతిసారీ ఆవిడ చూపు తిన్నగా వదిన మీదికే పోయేది. ఈ పద్ధతిలో శిక్షణకు వెళ్ళి పత్రం తెచ్చుకున్నది మరదలే మరి. ఒకసారి అందరిముందూ, "అద్దాలు ఒకసారి మార్పించుకోండమ్మా" అనేసింది. మరదలు పుసుక్కున నవ్వింది. వదిన కూడా నవ్వింది. తరవాత వారానికల్లా కొత్త అద్దాలు వచ్చాయి, తేడాలు పోయాయి. "చూశావా, తప్పు నాది కాదు, గాజుముక్కలది" అంది వదిన. అప్పట్నుంచీ వెంట్రుకవాసి అటూఇటూ తప్ప ఇద్దరి కొలతలూ కవలపిల్లల్లా వచ్చేవి. వదిన చూపూ నా చూపూ ఒక్కటేనని మరదలు లోలోపల ఎంత మురిసిపోయిందో చెప్పలేం. సొంత అక్కచెల్లెళ్ళకే కుదరని సంగతి ఆడబిడ్డతో కుదిరిందే అని.

అలాంటి రోజుల్లో గువ్వ వయసు పిల్లలు తక్కువపడ్డారు.

గువ్వ మరదలి కూతురు. ఒక్కచోట కుదురుగా ఉండదు, కబుర్లు మాత్రం కొండంత. "మా పిల్లని తీసుకొస్తానండీ" అంది మరదలు. "మీ బిడ్డని మీరే కొలుస్తారా?" అని డాక్టరమ్మ నొసలు చిట్లించింది. "రెండో చూపు వదినది ఉందిగా!" అంది మరదలు. వదిన పక్కనుంచి అందుకుంది. "దానివి తల్లి కళ్ళు, ఒప్పుకుంటాను. నావి మేనత్త కళ్ళు. మేనకోడల్లో వంక వెతకడానికే దేవుడు మేనత్తను పుట్టించాడు." అందరూ నవ్వారు. డాక్టరమ్మ సరేనంది.

బల్లమీద పడుకుని గువ్వ నోరు మూస్తే ఒట్టు. "అమ్మా, నా గుండె ఎందుకలా గంతులేస్తోంది? దానికి ఆకలేస్తోందా?" "నువ్వు మాట్లాడుతుంటే అదీ మాట్లాడుతోంది. కాసేపు ఇద్దరూ ఊరుకోండి." గీత వచ్చింది. చక్కటి కొండలు. నడుమ ఒక్కటి మాత్రం చతికిలబడి ఉంది. పక్కవాటి భుజాల దాకా కూడా రాలేదు. మరదలు, పాప ఊపిరి తీసుకుందేమోలే అనుకుంది. మళ్ళీ తీద్దామంటే గువ్వ అప్పటికే లేచి చెప్పుల కోసం వెతుకుతోంది. ఆ పొట్టి కొండను వదిలేసి, అటు ఒకటి, ఇటు రెండు ఎంచుకుని గుర్తులు పెట్టింది. మిగతా పిల్లల కొలతల పక్కన పెడితే ఇది అంచున నిలబడింది. గట్టుమీద నిలబడ్డ మేకలా, లోపలే ఉంది, కానీ ఇంకో అడుగు వేస్తే అవతల.

వేరే తల్లికయితే ఆ అంచు సంగతే తెలియదు. తెలియనివాడికి ఒకటే భయం, తెలిసినవాడికి వంద. వేరే పిల్లయితే నేను ఆ పొట్టి కొండను వదిలేసేదాన్నా? ఇదే ముల్లయి కూర్చుంది ఆమెకు. ఇంట్లో గువ్వ మెట్లెక్కుతుంటే వెనకాలే నిలబడి ఆయాసం లెక్కపెట్టేది. ఇక ఆగలేక, కట్టడిని పక్కనపెట్టి, బస్సులో వదినను అడిగేసింది.

"వదినా, మాట్లాడకూడదు గానీ... గువ్వది చూశావా?"

"చూశాను."

"నీకెంత వచ్చింది? నాకు కాస్త తక్కువనిపించింది. నేనే లేనిపోని మంచి వెతికానేమోనని..."

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. "పిచ్చిదానా! నేను వేరేగా చూశాను కదటే. నాకూ అంతే వచ్చింది. పిల్ల గుండె గుండ్రాయిలా ఉంది. వెళ్ళి హాయిగా అన్నం తిను."

ఆ మాట పాలు తాగినట్టు దిగింది. ఆ తరవాత గువ్వ మెట్లమీద పరుగెడితే వెనకాల నిలబడటం మానేసింది ఆమె.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ ఎక్కడో సభలో మాట్లాడాలని, చూపించడానికి మంచి బొమ్మలు ఏరిపెట్టమంది. మరదలు పాతవి తెరిచి ఒక్కొక్కటే చూస్తోంది. అందులో ఒక ఎక్కిళ్ళ పిల్లాడిది వచ్చింది. ఆ రోజు వాడు ఎక్కిళ్ళతో చంపుకుతిన్నాడు. ఆమెకేమో పంటినొప్పి, బుగ్గ బూరెలా వాచిపోయి ఉంది. బొమ్మ చూడగానే నాలిక కరుచుకుంది. ఆ పిల్లాడికి ముల్లు కొండకంటే ఎత్తుగా లేచింది. ఆమె పెట్టిన గుర్తు నిక్షేపంలా ముల్లు కొసన కూర్చుని ఉంది. మూడుచోట్లా అంతే.

సిగ్గుపడింది, తరవాత నవ్వుకుంది. తప్పు తెలిశాక దాచుకోవడం ఎందుకని డాక్టరమ్మ గదికి వెళ్ళింది. "ఈ ఒక్కదాంట్లో మా ఇద్దరికీ చాలా తేడా వచ్చి ఉండాలండీ. తప్పు నాదే, ముల్లు మీద గుర్తు పెట్టాను. వదినదే ఖాయం చేసుకోండి" అంది.

డాక్టరమ్మ కంప్యూటర్లో చూసింది. "తేడా లేదే! ఆవిడదీ ఇంచుమించు అంతే ఉంది."

"అలా ఎలా ఉంటుందండీ? వదిన ముల్లు మీద పెట్టదు. నాకు నేర్పిందే ఆవిడ."

"అయితే ఇద్దరూ పొరబడ్డారన్నమాట" అంటూ డాక్టరమ్మ వదిన గుర్తులను కూడా తెరమీదికి తెచ్చింది. అవీ ముల్లు మీదే. సరిగ్గా కొసన కాదు, కొంచెం కిందికి, కావాలని జరిపినట్టు. మూడుచోట్లా ఒకే వైపుకి, ఒకే కాస్త.

మరదలికి అడగాల్సింది ఇంకొకటి ఉంది. అడగకపోతే బాగుండుననీ ఉంది.

"మా పాపది ఒకసారి తెరుస్తారా?"

గువ్వ గీత వచ్చింది. చక్కటి కొండలు, నడుమ చతికిలబడ్డది ఒకటి. వదిన గుర్తులు అటు ఒకటి, ఇటు రెండు. ఏ కొండలను తల్లి ఎంచుకుందో సరిగ్గా అవే. ఏ కొండ ముందు తల్లి కళ్ళు మూసుకుందో అక్కడే మేనత్త కళ్ళూ మూసుకుని ఉన్నాయి. రెండో చూపన్నదే లేదు. ఇన్నాళ్ళూ తన మాటనే తాను గోడకు చెప్పి, అది తిరిగొస్తే ఎవరో ధైర్యం చెప్పారనుకుంది.

డాక్టరమ్మకు అప్పటికి సగం అర్థమయింది. "ఏమిటమ్మా ఇది?" అంది. "ఒక్క ఘడియ ఆగండి. ముందు నేను అడిగొస్తాను" అని మరదలు లేచింది.

వదిన తన గదిలో అన్నం డబ్బాలు సర్దుతోంది. మూత తీస్తూనే, "రా, రా. ఇవాళ నీ కూరలో ఉప్పు ఎక్కువైంది, ముందే చెబుతున్నా" అంది.

మరదలు మధ్య తలుపు వేసింది. "వదినా, దాచే మీట ఎప్పట్నుంచి నొక్కడం మానేశావు?"

మూత వదిన చేతిలో ఆగిపోయింది. "ఏ మీట?"

"అమాయకత్వం నాకు కొత్తగా నేర్పకు. ఎక్కిళ్ళ పిల్లాడికి నేను ముల్లెక్కితే నువ్వూ నా వెనకాలే ఎక్కావు. మళ్ళీ తెలియకుండా కాస్త కిందికి జరిపావు కూడా."

వదిన కుర్చీలో కూలబడింది. "నొక్కేదాన్నే. మొదట్లో ప్రతిసారీ నొక్కేదాన్ని. నీకూ నాకూ తేడా వస్తే ఆవిడ ఎవరి మొహం చూసేది? ఒక్కసారైనా నీ మొహం చూసిందా? ఇరవయ్యేళ్ళు ఈ గదిలో చేశానే! అద్దాలు మార్పించుకోమంది. నువ్వు నవ్వావు."

"నువ్వూ నవ్వావు కదా!"

"మరేం చెయ్యను, ఏడవనా? కొత్త అద్దాలతోనూ తేడాలే వచ్చాయి. చూపు తప్పో, చెయ్యి తప్పో నాకే తెలియలేదు. ఒకసారి మీట వదిలేసి చూశాను. నీ గుర్తులు కనబడగానే, హమ్మయ్య, ఇక్కడా అనిపించింది. అంతే. ఆ తరవాత కాలు దానంతటదే అటే పడింది."

"ఊళ్ళోవాళ్ళ పిల్లల సంగతి డాక్టరమ్మతో తేల్చుకో" అంది మరదలు. "బస్సులో నా చెయ్యి పట్టుకుని, వేరేగా చూశానన్నావు. నేను అడిగింది నీ లెక్క కాదు వదినా. నా భయం తీర్చమన్నాను. అబద్ధం చెప్పడానికి నీకు వేరే మనిషి దొరకలేదా?"

"గువ్వది చూడకపోవడం కాదే, చూడలేకపోయాను." వదిన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మిగతావాళ్ళవి చేతకాక చూడలేదు. దానిది ధైర్యం లేక. తెరిచాను. నడుమ ఆ పొట్టిది కనబడింది. నువ్వు దాన్ని వదిలేశావు. నువ్వు వదిలేశావంటే ఏదో కారణం ఉంటుంది, నీకు తెలుసు, తల్లివి కదా అనుకున్నాను."

"నేను నీ మీద నమ్మకం పెట్టుకుంటే నువ్వు నా మీద పెట్టుకున్నావా!" మరదలు నవ్వబోయింది. రాలేదు. కంప్యూటర్లో గువ్వ బొమ్మ తెరిచి, మీట నొక్కి గుర్తులన్నీ దాచేసి, మౌస్ వదిన ముందుకు తోసింది. "ఇప్పుడు కొలువు. నేను ఇటు తిరిగి నిలబడతాను. ఎంత వస్తే అంత చెప్పు. తక్కువొచ్చినా సరే."

వెనక్కి తిరిగి తలుపును చూస్తూ నిలబడింది. మౌస్ చప్పుడు వస్తుందని చూసింది. ఒక్కటైనా రాలేదు. కాసేపటికి వెనకనుంచి సన్నగా మాట వచ్చింది. "డాక్టరమ్మకి చెప్పకే. ఇంటి సంగతి ఇంట్లోనే..."

మరదలు తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. డబ్బాలు అలాగే ఉండిపోయాయి.

చెప్పాల్సింది చెప్పేసింది. గువ్వ బొమ్మలో తాను వదిలేసిన కొండ సంగతితో సహా. డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. "రెండో కొలతలన్నీ బయటివాళ్ళతో మళ్ళీ చేయించాలి" అని తల పట్టుకుంది. తరవాత, "పాపని రేపు తీసుకురా. వేరేచోటినుంచి మనిషిని పిలిపిస్తాను. నువ్వు లోపలికి రాకూడదు" అంది.

ఇంటిదగ్గర మొగుడు ముందు బిత్తరపోయాడు, ఆపైన మండిపడ్డాడు. "మా అక్క ఉద్యోగానికే ఎసరు పెట్టావా? పోనీ నాతో ఒక్క మాటైనా అనొచ్చు కదా!"

"పిల్ల గుండె సంగతి ముందు తేలనీ. ఆ తరవాత మీ అక్క గురించి ఎంతసేపయినా పోట్లాడుకుందాం" అంది ఆమె. అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు ఆ గది బయట బెంచీమీద కూర్చుంది. లోపల ఎన్నేళ్ళో చేసింది గానీ ఆ బెంచీ ఇంత గట్టిగా ఉంటుందని ఆమెకు తెలియదు. ఎదురుగా గోడమీద నవ్వుతున్న గుండె బొమ్మ ఉంది. పిల్లల కోసం తనే అంటించింది. ఇప్పుడు దాని నవ్వు చూస్తే ఒళ్ళు మండింది. లోపలినుంచి గువ్వ కెవ్వుమనడం వినబడింది. జెల్ తగిలింది. ఆ తరవాత ఏమీ వినబడలేదు.

వదిన వచ్చి బెంచీ అవతలి చివర కూర్చుంది. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటు. ఆవిడను అప్పటికే పెద్దవాళ్ళ ఈసీజీ గదికి మార్చేశారు. ఇద్దరూ తలుపునే చూస్తూ కూర్చున్నారు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "బాగుంది. కొత్తగా తీసిన గీతలో అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఆ పాతదానిలో ఉన్నది పాప కదలడంవల్ల వచ్చింది. నేనూ విడిగా చూశాను. ఏ దిగులూ వద్దు."

"అన్ని కొండలూ చూశారా? ఏదీ వదిలెయ్యలేదా?" అని అడిగింది మరదలు. డాక్టరమ్మ ముఖం కొంచెం మారింది. "అన్నీ చూశానమ్మా" అని లోపలికి వెళ్ళింది. అడిగాక మరదలికే సిగ్గేసింది. మొన్నటిదాకా మనిషి మాట చాలేది ఆమెకు.

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడుపు దొంగ ఏడుపు కాదు. నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆ పట్టలేని సంతోషంలో నోరు జారింది. "నేను చెప్పలేదటే? గుండ్రాయిలా ఉందని నేను ఆరోజే చెప్పలేదూ?"

మరదలు ఆవిడవైపు తిరిగింది. "నువ్వేం చెప్పలేదు వదినా. నేను చెప్పిందే నాకు తిరిగి చెప్పావు."



తలుపు తోసుకుని గువ్వ వచ్చింది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంది. అమ్మకంటే ముందు అత్తయ్య కనబడింది. ఎప్పటిలాగే ఎగిరి ఒళ్ళో కూర్చుని ఛాతీకి చెవి ఆనించింది. అది వాళ్ళిద్దరి పాత ఆట.

"అమ్మో! అత్తయ్యా, నీది గబగబా కొట్టేసుకుంటోంది. నువ్వేమైనా పరిగెత్తావా?"

వదిన మరదలి ముఖంలోకి చూసింది, ఏమైనా అంటుందేమోనని. మరదలు కిందికి వంగి కూతురి చెప్పులు తీసి దానిముందు పెట్టింది.

"దిగు. బస్సొచ్చేస్తుంది."

"అత్తయ్య రాదా?"

"అత్తయ్య వేరే బస్సు" అంది.